తెరిపించిన కళ్ళు

నా చిన్నప్పుడు నాకొక కొలువు ఉండేది. మా బాపు నడిపే ఫోటో స్టూడియోలో చంటిపిల్లల చూపును కెమెరా వైపు తిప్పడం ఆ కొలువు. బాపు కెమెరా వెనక నిలబడితే నేను ఆయన భుజం పక్కన స్టూలెక్కి గిలక్కాయ ఊపేదాన్ని, పిల్లిలా అరిచేదాన్ని, బుగ్గలు పూరించి ఫట్టున పేల్చేదాన్ని. ఏడుపు మానేసి పిల్ల నా వైపు చూసిన క్షణంలో బాపు బటన్ నొక్కేవాడు. బడి లేని రోజుల్లో నేను రాకుండా చంటిపిల్లల ఫోటో తీసేవాడు కాదు. "మా బిడ్డ వస్తది, జర కూసోండ్రి" అని వచ్చినవాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. ఆ మాట చెవిన పడితే నాకు ఎక్కడలేని గర్వం.

మా స్టూడియో ఉన్న మడిగె జడ్చర్లలో, బస్సులు ఆగే చోటు నుంచి నాలుగడుగులు లోపలికి, మందుల దుకాణానికీ కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణానికీ మధ్యన ఇరుకుగా ఉండేది. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు, ప్రింటరు. తలుపుకు బదులు కట్టిన పరదా తొలగిస్తే వెనక గది. అక్కడ నీలిరంగు తెర, తెల్లగొడుగులు తొడిగిన దీపాలు, చేతులున్న ఒక కుర్చీ. తెలంగాణ వచ్చిన కొత్త అది. ప్రతి దరఖాస్తుకూ ఫోటో అతికించాల్సి వచ్చేది కాబట్టి పొద్దున పూట పింఛన్ల ముసలివాళ్ళూ కాలేజీ పిల్లలూ వరసలో ఉండేవాళ్ళు. పెళ్ళిళ్ళ కాలంలో బాపు కెమెరా సంచి భుజాన వేసుకుని ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. మంచి ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఇంక మన దుకాణానికి ఎవరొస్తారని అమ్మ దిగులు పడేది. "ఫోన్ల తీసుకున్నది ఫోన్లనే ఉంటది. గోడకు పెట్టుకునేది మన దగ్గరికే వస్తది" అని బాపు నవ్వేసేవాడు.

ఆయన అన్నది నిజమే. గోడకు పెట్టుకునే ఫోటోల్లో ఎక్కువ భాగం పోయినవాళ్ళవి. తండ్రి పోయాక దినాలకు ముందు కొడుకులు వచ్చి, ఆధార్ కార్డు మీద ఉన్న మసక బొమ్మో, ఏదో పెళ్ళి ఫోటోలో మూలన సగం కనిపించే ముఖమో తెచ్చిచ్చేవాళ్ళు. బాపు దాన్ని పెద్దది చేసి, చిరిగిన బనియన్ మీద తెల్లచొక్కా తొడిగి, వెనక నీలాకాశం పెట్టేవాడు. కొందరికి పోయిన తర్వాత తీసిన ఫోటో తప్ప మరొకటి ఉండేది కాదు. అలాంటి ముఖాలకు ఆయన కంప్యూటర్లో కళ్ళు తెరిపించేవాడు. ఎక్కడెక్కడివో కళ్ళు వెతికి, కొలిచి, రంగు కలిపి కూర్చేవాడు. మూసిన కళ్ళు తెరుచుకోవడం పక్కనుండి చూస్తుంటే మా బాపుకు ఏదో విద్య తెలుసనిపించేది. బళ్ళో గొప్పలు చెప్పుకునేదాన్ని కూడా.

ఇక నేను చెప్పబోయేది ఒక మధ్యాహ్నం సంగతి. ఇప్పటికీ తలుచుకుంటే నా అరచేతులు చల్లబడతాయి.

ఎండాకాలం సెలవులు. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. బేరాలు లేక బాపు కౌంటరు వెనక కునికిపాట్లు పడుతున్నాడు. నేను నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటున్నాను. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూశాను. ఒక జంట నిలబడి ఉంది. ఆయనకు నిండా పాతికేళ్ళుండవు. ఆమె ఇంకా చిన్నది. ఆమె భుజం మీద తువ్వాలలో చుట్టిన పిల్లవాడు. వాళ్ళ వెనక మెట్టు దిగువన, ఎండలోనే ఒక ముసలామె ఆగిపోయింది. నీడకు రమ్మని బాపు పిలిచినా ఆమె కదల్లేదు, మా వైపు చూడనూ లేదు.

"బాబుది ఒక ఫోటో తియ్యాలె అన్నా" అన్నాడు ఆయన.

బాపు ఆయన ముఖంలోకి చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. తర్వాత లేచి, "లోపలికి తీస్కరా చెల్లె" అని ఆమెతో అని, పరదా తొలగించి దీపాలు వేశాడు. ఆయన అడగబోయి ఎందుకు మానుకున్నాడో నాకు అప్పుడు తట్టలేదు. నేను అప్పటికే గిలక్కాయ అందుకుని స్టూలెక్కేశాను.

ఆమె కుర్చీలో కూర్చుని పిల్లవాణ్ణి ఒళ్ళోకి దించుకుంది, తువ్వాల విప్పింది. మడతలు కూడా పోని ఎర్రచొక్కా తొడిగి ఉంది. నుదుట కాటుక బొట్టు, బుగ్గన దిష్టిచుక్క. తల ఆమె మోచేతి మీదికి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ప్రయాణం చేసి వచ్చి నిద్రపోతున్నాడనుకున్నాను. అలా నిద్రలో ఉన్న పిల్లల్ని లేపడానికి నాకొక ఉపాయం తెలుసు. అరికాలి మీద వేలితో మెల్లగా గీస్తే కాలు ముడుచుకుని కళ్ళు విప్పుతారు. స్టూలు దిగి వెళ్ళి పాదం పట్టుకున్నాను.

పాదం చల్లగా ఉంది.

బయట అంత ఎండ. దీపాల వేడికి నా మెడ మీద చెమట కారుతోంది. నా చేతిలోని పాదం మాత్రం కడవలో నీళ్ళలా చల్లగా ఉంది. ఏదో పొరపాటనుకుని గీశాను. కాలు ముడుచుకోలేదు. నేను వదిలేసరికి అది ఆమె తొడ మీద పడింది, పిల్లల కాలు పడినట్టు కాదు, ఏదో వస్తువు జారినట్టు.

నాకు తెలిసిపోయింది. చావును అంతకుముందు నేను తాకలేదు, దగ్గరగా చూడనూ లేదు. అయినా చేతికి తెలిసిపోయింది. వెనక్కి తిరిగి బాపు కోసం చూస్తే ఆయన కెమెరా వెనక ముఖం దాచుకుని ఉన్నాడు. ఆయనకు ముందే తెలుసు. గుమ్మంలో ఆ మనిషి ముఖం చూసినప్పుడే తెలుసు. పరుగెత్తి బయటికి పోదామనుకున్నాను, పోలేకపోయాను. చేతిలో గిలక్కాయ ఎప్పుడు ఆగిందో ఆగింది.

అప్పుడు ఆ తల్లి నా వైపు చూసింది. "ఊపు బిడ్డా, ఆగినవేంది?" అంది.

గొంతు మామూలుగా ఉంది. పెదవుల మీద, అందరు తల్లుల ముఖాల్లో నేను రోజూ చూసే చిన్న నవ్వు ఉంది. తన బిడ్డ ఫోటోకు బాగా కూర్చోవాలని చూసే నవ్వు. నాకు ఒళ్ళంతా జలదరించింది. కానీ ఆ ముఖం చూసి మాట కాదనలేకపోయాను. స్టూలెక్కాను. గిలక్కాయ ఊపాను. ఆ చప్పుడు గదిలో అంత పెద్దగా ఎన్నడూ వినిపించలేదు. ఆమె ఒక చేత్తో పిల్లవాడి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పింది. "సూడు బిడ్డా, అక్కను సూడు" అంది. నా కళ్ళ నుంచి నీళ్ళు చొక్కా మీద పడుతున్నా నేను ఊపుతూనే ఉన్నాను. బాపు ఫోటో తీశాడు. మళ్ళీ తీశాడు. తీసి, దీపాలు ఆర్పకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సంగతి ఆమె భర్త కౌంటరు దగ్గర చెప్పాడు. పిల్లవాడికి జ్వరం ముదిరితే పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారట. దక్కలేదు. బండి మాట్లాడుకునే స్తోమత లేక బస్సెక్కారు. నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకున్నట్టు ఆమె భుజాన వేసుకుని కూర్చుంది. పక్క సీటులో మనిషికి కూడా తెలియనివ్వలేదు. వాళ్ళ ఊరికి పోయే ఆటోల కోసం జడ్చర్లలో దిగారు. దిగగానే ఆమెకు మా బోర్డు కనిపించింది. మంచిగై ఇంటికి పోయేటప్పుడు తొడగాలని సంచిలో పెట్టుకున్న ఎర్రచొక్కా అక్కడే, చెట్టు నీడన తొడిగిందట.

"ఇంట్ల ఒక్క ఫోటో గూడ లేదన్నా" అని ఆమె అందుకుంది. "నా మొగని ఫోను మాట్లాడేదే గని ఫోటోలు తీసేది గాదు. పుట్టినంక తీపిద్దామంటే మా అత్త వద్దన్నది. ఏడాది నిండేదాంక తియ్యొద్దు, పోరనికి మంచిగ కాదన్నది. ఏడాది నిండనే లేదు."

ఆ మాట మెట్టు కింద ఉన్న ముసలామెకు వినిపించింది. ఆమె ఉన్నచోటే ఎండలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు చప్పుడు రాలేదు. వీపు మాత్రం అదురుతోంది. వీళ్ళెవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ కోడలు వెళ్ళి ఆమె జబ్బ పట్టుకుని లేపింది.

వెళ్ళేముందు ఆమె వెనక్కి వచ్చి అడిగింది. "వాడు కండ్లు తెరిసినట్టు చెయ్యొస్తదా అన్నా? నన్ను సూస్తున్నట్టు?"

"చేస్త చెల్లె" అన్నాడు బాపు, ఆలోచించకుండా. "వచ్చే అంగడి దినం రాండ్రి."

వాళ్ళు పోయాక నేను కుళాయి దగ్గర చేయి కడుక్కున్నాను. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కున్నాను. ఆ చల్లదనం పోలేదు. బాపు వచ్చి నన్ను దగ్గరికి తీసుకుని, తన తువ్వాలతో నా చేయి తుడిచి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య ఉంచుకున్నాడు. "నిన్ను బయటికి పంపాల్సుండె" అన్నాడు. "నువ్వు ఊపుతాంటె ఆమె నవ్వింది బిడ్డా. గా నవ్వు సూసినంక పంపబుద్ధి కాలె."

నేను ఆయన మీద కోపం తెచ్చుకోవాలో ఆయన్ను పట్టుకుని ఏడవాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఆ వారం నేను గిలక్కాయ ముట్టుకోలేదు. పిల్లలు వస్తే బాపు తనే చప్పట్లు కొట్టి, తనే పరుగున వెళ్ళి బటన్ నొక్కుకునేవాడు. నన్ను పిలవలేదు.

కళ్ళ పని మాత్రం ఆయనకు సాగలేదు. కంప్యూటర్లో మా దుకాణానికి వచ్చిన పిల్లల ఫోటోలు ఎన్నో ఉన్నాయి. పుట్టినరోజులవి, అన్నప్రాసనలవి. బాపు ఒక్కొక్కటీ తెరిచేవాడు, కాసేపు చూసేవాడు, మూసేసేవాడు. పెద్దవాళ్ళ కళ్ళయితే ఆయన ఎప్పుడూ అంత తటపటాయించలేదు. అమ్మ అన్నం గిన్నె తెచ్చేసరికి ఒకరోజు అలాగే కూర్చుని ఉన్నాడు.

"గిన్ని ఉన్నయి కద, ఒకటి పెట్టరాదు?" అంది అమ్మ.

"ఆళ్ళ పిల్లలు బతికున్నరు. అమ్మానాయినలు నన్ను నమ్మి తీపిచ్చుకున్నరు. గా కండ్లు తీసి పోయిన పోరనికి పెట్టనా? ఆళ్ళకు తెలిస్తె గుండె పగలదా?"

బాపు నెమ్మదిగా ఇంకో ఫోటో తెరిచాడు. అది నాది. నేను పాకే వయసులో తీసింది. బాపు దుకాణం పెట్టాక తీసిన మొదటి చంటిపిల్ల ఫోటో అదేనట. పాత కాగితం మీది బొమ్మను ఆయన కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. పెద్ద పెద్ద కళ్ళేసుకుని నేరుగా చూస్తున్నాను అందులో.

అమ్మకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అన్నం గిన్నె కౌంటరు మీద ఠక్కున పెట్టింది. "నీకు మతి ఉన్నదా? కన్నబిడ్డ కండ్లు శవానికి పెడ్తవా?" అమ్మ గొంతు అంత పైకి లేవడం నేను ఎన్నడూ వినలేదు. పక్క దుకాణం ఆయన తొంగిచూసి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను లాక్కుని తన వెనక నిలబెట్టుకుంది, ఎవరో నా కళ్ళు నిజంగానే తీయబోతున్నట్టు. నాకూ అలాగే అనిపించింది. తెలియకుండానే రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాను.

"పరాయోళ్ళయి ముట్టే హక్కు నాకు లేదు. నా బిడ్డయి అయితె..." అని బాపు ఏదో చెప్పబోయాడు.

"నీ బిడ్డయి గూడ నీయి గావు. దాన్ని అడిగినవా?" అంది అమ్మ.

బాపు కంప్యూటరు వైపు నుంచి కుర్చీ తిప్పి నా వైపు చూశాడు. అమ్మ మాటకు ఆయన నిజంగానే విస్తుపోయాడు. మా ఇళ్ళలో పిల్లల్ని అడిగి ఏ పనీ చేయరు. తినమంటే తింటాం, పొమ్మంటే పోతాం. ఆయన కుర్చీ దిగి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీ ఫోటోల కండ్లు తీసి గా బాబుకు పెట్టనా బిడ్డా? నీకేం కాదు. అయినా నువ్వు వద్దంటె పెట్ట."

నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే, ఆ రాత్రికే నేను పోతానని అనిపించింది. అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. కానీ నా చెవిలో ఆ తల్లి గొంతు, 'అక్కను సూడు' అన్న గొంతు, అప్పటికింకా మోగుతూనే ఉంది. పెట్టమన్నాను. అమ్మ స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది.

బాపు అంత శ్రద్ధగా పనిచేయడం నేను ఆ తర్వాత కూడా చూడలేదు. నా ఫోటోలో కనురెప్పల అంచు నుంచి మెల్లమెల్లగా గీసుకుంటూ పోయాడు. పిల్లవాడి తల వాలిన ఏటవాలుకు తగ్గట్టు వంచాడు. రంగు దించాడు. కంటిలో దీపం మెరుపును తెచ్చి పెట్టాడు. పని పూర్తయ్యాక తెరను నా వైపు తిప్పాడు. ఎర్రచొక్కాలో ఆ పిల్లవాడు కళ్ళు తెరిచి నన్ను చూస్తున్నాడు. నా కళ్ళతో నన్నే చూస్తున్నాడు. నేను కెవ్వుమన్నాను. బాపు గబుక్కున తెర తిప్పేశాడు. అయినా ఆయన ముఖంలో ఒక తృప్తి కనిపించింది. ఎక్కడా అతుకు తెలియడం లేదు. ఆయన చేసిన వాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. దాన్ని మంచి కాగితం మీద పెద్దగా తీసి చట్రం కట్టించాడు.

వారపు సంత జరిగే అంగడి రోజున వాళ్ళు వచ్చారు. ఈసారి ముసలామె కూడా మెట్టెక్కి లోపలికి వచ్చింది. నేను కౌంటరు వెనక, బాపు వీపు చాటున నిలబడ్డాను. పోవాలనుంది, చూడాలనీ ఉంది. బాపు కాగితం చుట్టు విప్పి చట్రాన్ని ఆమె వైపు తిప్పి పెట్టాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను. మా దుకాణంలో అలాంటివి చాలా చూశాను.

ఆమె ఏమీ చేయలేదు. ఫోటోనే చూస్తూ ఉండిపోయింది. భర్త ముందుకు వంగి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. బయట బస్సు హారన్ మోగి ఆగిపోయింది.

"గీ పోరడు ఎవలన్నా?" అంది ఆమె.

బాపు చట్రాన్ని ఆమెకు ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. "నీ కొడుకే చెల్లె" అన్నాడు.

"ముఖం వాడిదే. కండ్లు వాడియి గావు." ఆమె వేలు అద్దం మీద, ఒక కన్ను దగ్గర ఆగింది. "నా కొడుకు కండ్లు చిన్నయన్నా. చింతగింజల లెక్క ఉంటుండె. నవ్వితె కనబడకుండనే పోతుండె. గిట్ల ఇంతింత తెరిసి ఎన్నడు సూడలె. ఎవరియి గీ కండ్లు?"

బాపు తల దించుకున్నాడు. మా బాపు తల దించుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. ఆయన తల దించుకోవడంతో ఆయన వెనక నేను ఆమెకు కనిపించాను. ఆమె చూపు నా ముఖం మీద నిలిచింది. ఫోటో వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది.

"నీయేనా బిడ్డా?" అంది.

తల ఊపాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను, లేదా చట్రం విసిరికొడుతుందనుకున్నాను. ఆమె కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది. మా బాపును దాటి వచ్చి నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. బొటనవేళ్ళతో నా రెప్పల మీద మెల్లగా రాసింది, పిల్లలకు నలుసు పడితే తుడిచినట్టు.

"భయం గాలేదా నీకు?"

"అయింది."

"మరెందుకిచ్చినవు?"

నేను చట్రంలోని ఎర్రచొక్కా వైపు చూశాను. అప్పుడు ఆమె ఏడ్చింది. బస్సులో ఏడవలేదు, కుర్చీలో ఏడవలేదు. నన్ను గుండెకు అదుముకుని ఇప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపుకు మందుల దుకాణంలో మనుషులు కూడా లేచి నిలబడ్డారు. కొంతసేపటికి కళ్ళు తుడుచుకుని బాపు వైపు తిరిగింది. "ఈ పిల్ల కండ్లు ఈ పిల్లకే ఉండాలన్నా. సల్లగ ఉండాలె. నాకు వద్దు. తెరిపియ్యమని నేనే అడిగిన, తప్పు నాదే. వాడు ఎట్లున్నడో అట్లనే ఇయ్యి."

"తప్పు నాదే చెల్లె" అన్నాడు బాపు. "వాడి కండ్లు ఎట్లుంటుండెనో నిన్ను అడగనే లేదు."

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏ మార్పూ చేయని మొదటి ఫోటో తెరిచి, ప్రింటరులో పెట్టాడు. కాగితం మెల్లగా బయటికి వస్తుంటే మేమందరం దాని చుట్టూ నిలబడి చూశాం. ముందు ఆమె నల్లని జుట్టు వచ్చింది, తర్వాత ఆమె నవ్వు, తర్వాత మోచేతి మీద వాలిన తల. మూసిన కళ్ళు, కొంచెం తెరుచుకున్న నోరు. అప్పటిదాకా పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడని ముసలామె, ఫోటో వద్దన్న ఆ ముసలామే, చెయ్యి చాచి ఆ కాగితాన్ని అందరికంటే ముందు అందుకుంది.

"గిట్లనే పండుతుండె" అంది. "నోరు జర తెరుసుకోని, గిట్లనే పండుతుండె నా తండ్రి."

అత్తా కోడలూ ఆ కాగితాన్ని చెరోవైపు పట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. వాడు ఏ పక్కకు తిరిగి పడుకునేవాడో, నిద్రలో ఎలా పెదవులు కదిపేవాడో, మేము అక్కడ ఉన్నామన్నది మరిచిపోయి ఒకరికొకరు చెప్పుకున్నారు. కోడలు ఒకచోట నవ్వింది కూడా. ఆ భర్త బెంచీ మీద కూర్చుని, చేతుల్లో తల పెట్టుకుని వింటున్నాడు.

చట్రంలో ఉన్న ఫోటోను బయటికి తీసి బాపు చింపబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "చింపకన్నా. ముఖం వాడిది గద" అంది. ఖాళీ చట్రంలో కొత్త ఫోటో అమర్చి ఇచ్చాడు. వాళ్ళు దాన్ని తువ్వాలలో చుట్టుకుని ఆటోల వైపు వెళ్ళిపోయారు. ఆ తర్వాత వాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. ఊరి పేరు కూడా సరిగ్గా గుర్తులేదు.

మిగిలిన ఆ ఫోటోను, నా కళ్ళు పెట్టినదాన్ని, ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఉంచుకోలేం, పారేయలేం. రెండు రోజులు అది కౌంటరు అరలో బోర్లా పడి ఉంది. దాని మాట ఎత్తితేనే కోప్పడిన మా అమ్మే చివరికి దాన్ని ఒక జాకెట్టు గుడ్డలో చుట్టి ఇంట్లో బీరువాలో, తన పెళ్ళి చీర కింద పెట్టింది. ఎందుకని మేము అడగలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

బాపులో ఒక మార్పు వచ్చింది. దాని గురించి ఆయన మాట్లాడింది లేదు. పోయినవాళ్ళ ఫోటోలు తెస్తే ఇదివరకు ఎంత పెద్దది కావాలి, వెనక ఏ రంగు వేయాలి అని అడిగేవాడు. ఆ తర్వాత అవి అడగడం మానేసి, ముందు ఆ మనిషి గురించి అడగడం మొదలుపెట్టాడు. పని నెమ్మదించింది. ఒక్కొక్కరు గంటసేపు కూర్చునేవారు. దుకాణంలో చాయ్ ఖర్చు పెరిగిందని అమ్మ విసుక్కునేది, విసుక్కుంటూనే పోసి ఇచ్చేది.

ఇప్పుడు ఆ దుకాణం నేను చూసుకుంటున్నాను. బాపు భుజం నొప్పితో కెమెరా మోయలేక కౌంటరు దగ్గర కూర్చుంటాడు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు నన్ను అక్కా అంటారు. బాపు రోజుల పాటు చేసిన పనిని వాళ్ళు ఫోన్లో చిటికెలో చేసేస్తారు. మూసిన కళ్ళు తెరిపిస్తారు, తెరిచిన కళ్ళను ఆర్పిస్తారు, ఎప్పుడో పోయిన తాతను మనవరాలి పెళ్ళి ఫోటోలో నిలబెట్టి నవ్విస్తారు. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. నేనూ ఆ పనులు చేస్తాను, కాదనను. కావాలని వచ్చినవాళ్ళకు వద్దని చెప్పే పెద్దరికం నాకు లేదు.

మొన్న ఒక పెద్దాయన భార్య ఫోటో పట్టుకుని వచ్చాడు. ఆమెను నవ్వించమన్నాడు. పని నేర్చుకునే పిల్లవాడు అప్పుడే ఫోన్ తీశాడు. నేను ఆగమని సైగ చేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "పెద్దమ్మ ఎట్ల నవ్వుతుండె పెదనాయినా?" అని అడిగాను. ఆయన ఆమె గురించి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె అసలు నవ్వేది కాదట. నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగేదట. చెబుతూ చెబుతూ ఆయనే ఆ ఫోటోను నా చేతిలోంచి వెనక్కి తీసుకుని, గీ ముఖమే మంచిగుంది, పెద్దది చేసియ్యి బిడ్డా చాలు, అన్నాడు.

అందరూ ఆయనలా అనరు. కొందరు అంతా చెప్పాక కూడా నవ్వించమనే అంటారు, నవ్విస్తాను. ఎవరికి ఏది కావాలో నాకు ముందే తెలుస్తుందని నేను అనుకోను. మా బాపు అంత పనితనమున్న మనిషికే తెలియలేదు. అందుకే వాళ్ళ మనిషి ఎలా ఉండేవాడో ఒక్క మాట అడుగుతాను. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా మౌస్ మీద చెయ్యి పెట్టను.